మూడు మార్పుల ప్రసంగం

మందిరం వెనక గది,
మంగళవారం

మామయ్యగారికి,

వందనాలు. ఫోన్ చేస్తే మీకు సగం వినపడదు, వినపడ్డ సగం మీరు ఒప్పుకోరు. అందుకే కాగితం పట్టుకున్నాను. అమ్మ బాగుంది. మీకు ఉన్ని కోటు పంపాలేమో అడగమంది. అడిగానని రాయమంది కూడా.

మీరు నిలబడిన వేదిక మీద నేను నిలబడడం మొదలై నాలుగు నెలలు. మొదట్లో కాళ్లు వణికేవి, ఇప్పుడు గొంతు మాత్రమే వణుకుతోంది. ఆ వారం చదివే వాక్యభాగానికి మన రోజువారీ బతుకులోంచి ఒక్క సంగతి జతచేసి చెబుతున్నాను. మంచి సమరయుడికి బస్సులో సీటు. యోబు ఓర్పుకి ప్రెషర్ కుక్కర్. వెనక బెంచీలో హాయిగా నిద్రపోయే పాలాయన కూడా కుక్కర్ దగ్గర కళ్లు తెరిచాడు. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి.

అసలు సంగతికి వస్తాను.

గురువారం మధ్యాహ్నం మన సంఘంలోని ఒకావిడ వచ్చింది. ఎవరో రాయను. కూర్చోమంటే కూర్చోలేదు. తలుపు పట్టుకుని నిలబడే చెప్పింది. "అత్తయ్య రోజూ పిలిచేది పాస్టరుగారూ. సబ్బు జారిందని పిలిచేది, నీళ్లు చల్లబడ్డాయని పిలిచేది. ఆ రోజు బాత్రూంలోంచి పిలిస్తే అదే అనుకున్నాను. ఈ నాలుగు బట్టలు పిండేసి వెళ్దాంలే అనుకున్నాను. పిండాను. ఆరేశాను కూడా. క్లిప్పులు పెట్టాను. వెళ్లేసరికి ఆమె కింద పడి ఉంది. అప్పటికే అయిపోయింది."

అంత మామూలుగా, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. క్లిప్పుల మాట దగ్గర మాత్రం ఆగింది.

ఆమె భర్తకి తెలియదు. వాళ్లమ్మ చెప్పుల్ని ఇప్పటికీ తుడిచి గుమ్మంలో పెడతాడట. "ఆయన చెవిన పడితే ఆ ఇంట్లో నాకు చోటుండదు. నా పిల్లలకి నన్ను చూపించడు. అయినా ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి. రోజూ పిలిచే ముసలివాళ్లు అందరిళ్లలోనూ ఉంటారు కదా. నా పేరు రాకుండా మీరు ఒక ఆదివారం చెప్పండి. ఒక్కరైనా బట్టలు వదిలేసి వెళ్తారు" అంది.

ధనవంతుడూ లాజరూ ఉన్న వాక్యభాగం వచ్చే నెలలో వస్తుంది. గుమ్మంలో పడి ఉన్నవాణ్ణి చూడకుండా లోపల భోంచేసినవాడి కథ. దానికి ఇది అతుకుతుంది. కానీ ఆవిణ్ణి ఎవరూ పోల్చుకోకూడదు. మీరు మా చిన్నప్పుడు చెప్పేవారే, ఒకరి సంగతి వేదిక ఎక్కాలంటే మూడు మార్పులు చెయ్యాలని, మనిషి మారాలి, ఇల్లు మారాలి, పని మారాలి అని. నాకు కల్పన రాదు. ఎలా మార్చమంటారు?

మీ మేనల్లుడు


బైండింగు షాపు మీది గది,
శనివారం

అల్లుడికి,

కోటు వద్దు. ఉన్నదాన్ని చిమ్మటలు తిని పెట్టాయి, కొత్తది పెడితే వాటికి విందవుతుంది. మీ అమ్మకి అడిగానని చెప్పు.

నీ కుక్కర్ గురించి విన్నాను. వాక్యాన్ని ఉడకబెట్టి పెట్టడం అలవాటు చేస్తే సంఘానికి పళ్లు ఊడిపోతాయి. ఇది రాసి పెట్టుకో. నేను గ్రీకు మూలం దగ్గర పెట్టుకుని, నాలుగు వ్యాఖ్యానాలు ఎదురెదురుగా తెరిచి, శనివారమంతా కూర్చుని ప్రసంగం రాసేవాణ్ణి. దానికి ప్రతిఫలంగా నాకొచ్చిన ఉత్తరం నీకు తెలుసు. 'మీ ప్రసంగాలకు మా దైనందిన జీవితంతో సంబంధం కనబడడం లేదు కనుక' అని మొదలవుతుంది. కింద సంఘ కార్యదర్శిగా కళ్లద్దాల షాపాయన సంతకం. చూపు అమ్ముకునేవాడికి నా ప్రసంగంలో ఏమీ కనబడలేదట. ఆ కాగితం ఇప్పటికీ నా డ్రాయరులో ఉంది. పారేయలేదు. కొన్నింటిని పారేయకూడదు.

సరే. నువ్వు నా చెల్లెలి కొడుకువి, అడిగావు కాబట్టి చెబుతాను. ఇంత తేలిగ్గా ఎవరికీ చెప్పను.

ఆడమనిషిని మగవాణ్ణి చెయ్యి. అత్తను అన్నను చెయ్యి. బాత్రూం తీసేసి మేడ కట్టు. పైగదిలో మంచం పట్టిన అన్న, కింద తాళాలు బాగుచేసే షాపులో తమ్ముడు. అన్నకి ఏదైనా కావాలంటే చేతికర్రతో నేల మీద కొడతాడు, తమ్ముడు పని ఆపి పైకి వెళ్లాలి. అదీ ఏర్పాటు. అన్న రోజంతా కొడుతూనే ఉంటాడు. కిటికీ తెరవమని ఒకసారి, మూయమని ఒకసారి, టైమెంతయిందని ఒకసారి. ఒక రోజు చప్పుడు ఆగకుండా వచ్చింది. తమ్ముడు లేచాడు. మెట్ల వైపు వెళ్లలేదు. షెల్ఫు దగ్గరికి వెళ్లి రేడియో గట్టిగా పెట్టాడు. వార్తలు వస్తున్నాయి. వార్తలు అయ్యేసరికి పైన చప్పుడు లేదు. 'హమ్మయ్య, పడుకున్నాడు' అనుకున్నాడు.

రేడియో సంగతి తప్పకుండా చెప్పు. అది లేకపోతే ఇది మామూలు నిర్లక్ష్యం. రేడియో ఉంటేనే పాపం. 'హమ్మయ్య' కూడా వదలకు. ఆ మాట దగ్గర కాసేపు ఆగు, బెంచీల వైపు చూడు, అప్పుడు లాజరు దగ్గరికి వెళ్లు.

నేను కట్టిన వాటిల్లో ఇది బాగా కుదిరింది. ఎలా సాగిందో వివరంగా రాయి. ఎవరు ఎక్కడ కూర్చున్నారో కూడా.

మామయ్య


మందిరం వెనక గది,
సోమవారం

మామయ్యగారికి,

నిన్న ప్రసంగం అయింది. మీరు వివరంగా రాయమన్నారు. రాస్తున్నాను.

కర్ర చప్పుడు దాకా అందరూ మామూలుగానే విన్నారు. 'మేడమీద అన్న' అన్నప్పుడు ఎక్కడో బెంచీ కిర్రుమంది. కిటికీ తెరవమని, మూయమని చెబుతుంటే పిల్లల తల్లులు పిల్లల్ని సర్దడం మానేశారు. నా మాటలు బాగా పనిచేస్తున్నాయనుకున్నాను. సంతోషపడ్డాను కూడా, దేవుడు క్షమించాలి. రేడియో దగ్గరికి వచ్చాక చూస్తే ఒకరి తర్వాత ఒకరు మెడలు తిప్పుతున్నారు. నా వైపు కాదు. అందరూ ముందు బెంచీ వైపే.

ముందు బెంచీలో కళ్లద్దాల పెద్దాయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. తుడవలేదు. ఊరికే పట్టుకున్నాడు. మీరు ఆగమన్న చోట నేను ఆగాను. ఆ నిశ్శబ్దం నేను కావాలని ఇచ్చినట్టే అయింది.

గాయక బృందంలో ఆయన కూతురుంది. కాలేజీలో లెక్కలు చెప్పే అమ్మాయి. చివరి కీర్తనకి అందరూ లేచారు, ఆమె లేవలేదు.

అందరూ వెళ్లాక ఆయన నా దగ్గరికి వచ్చాడు. కోపం లేదు. అది ఉంటే బాగుండేది. "రేడియో సంగతి నా భార్యకి కూడా చెప్పలేదు బాబూ. ఆమె తెలియకుండానే పోయింది. ఈ లోకంలో ఒక్క మనిషికే చెప్పాను" అన్నాడు. ఎవరికో చెప్పలేదు. కళ్లజోడు పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంటికొస్తే అమ్మ అన్నం వడ్డించకుండా నిలబడి ఉంది.

"ఒరే, ఆ కథ నీకెవరు చెప్పార్రా?"

"మామయ్య కల్పించాడు."

"కల్పించాడా? కళ్లద్దాలాయన అన్న పోయింది ఆ షాపు మీద గదిలోనే కదరా. నువ్వప్పుడు చదువుకి బయట ఉన్నావు. కళ్లజోడు చేయించుకోడానికి వెళ్లిన ప్రతివాళ్లూ విన్నారు ఆ కర్ర చప్పుడు. రేడియో ఎప్పుడూ మోగుతుండేది. ఎందుకో ఇవాళ తెలిసింది."

తాళాలు కాకపోతే కళ్లద్దాలు. మీరు మార్చింది ఒక్క షాపే. మిగతాదంతా ఉన్నదున్నట్టు నా నోటితో చెప్పించారు. మీకు ఎలా తెలుసో నేను అడగక్కర్లేదు. ఎందుకు చేశారో మాత్రం అర్థం కావడం లేదు.

లెక్కలు చెప్పే ఆ అమ్మాయిని పెంచింది ఆ పెదనాన్నేనట. లెక్కలు నేర్పింది కూడా ఆయనే, మంచం మీద నుంచి. ఇప్పుడు ఆమె పైగదిలోకి వెళ్లి తలుపేసుకుంది. తండ్రి రాత్రి పళ్లెం పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడని పక్కింటివాళ్లు చెప్పారు. ఇవాళ షాపుకి ఎవరూ వెళ్లలేదు. పాలాయన నన్నే అడిగాడు: "పాస్టరుగారూ, ఆయన ఎదురైతే పలకరించాలా, వద్దా?"

దీనికి మించినది ఇంకొకటుంది. ఈ పొద్దున ఆవిడ వచ్చింది, తన అత్తగారి సంగతి చెప్పినావిడ. ఈసారి కూర్చుంది.

"నా కథ చెప్పమన్నాను కదండీ. ఇంకొకరి కథ ఎందుకు చెప్పారు?"

"నాకు తెలియదమ్మా. నిజంగా తెలియదు."

"నేను అడగబట్టే కదా ఆయనకిలా అయింది. నెల మొదటి ఆదివారం సాక్ష్యాలప్పుడు నేను లేస్తాను. అది నాది, పాస్టరుగారు మార్చి చెప్పారని చెప్పేస్తాను. జనం ఆయన్ని వదిలేస్తారు."

"మీవారు పక్కనే కూర్చుంటారు కదమ్మా?"

"కూర్చుంటాడు. వింటాడు. ఏం చేస్తాం."

ఎంత చెప్పినా వినలేదు. పిల్లల స్వెట్టర్లు అన్నీ ఉతికి పెట్టిందట, తను లేకపోయినా చలికాలం గడిచేలా.

మామయ్యా, మీరు సంఘానికి రెండు వాక్యాలు రాయండి. ఆ కథ కట్టింది నేను, మా అల్లుడికి ఏమీ తెలియదు, తప్పు నాది అని. నేను చదువుతాను. అప్పుడు ఆవిడ లేవాల్సిన పని ఉండదు. ఆ ఇల్లు నిలబడుతుంది. మొదటి ఆదివారం లోపల అందేలా రాయండి.

మీ మేనల్లుడు


బైండింగు షాపు మీది గది,
గురువారం

అల్లుడికి,

నీ ఉత్తరం బాగుంది. కళ్లజోడు తీసి తుడవకుండా పట్టుకున్నాడన్న వాక్యం చాలా బాగుంది. నీ ప్రసంగాల్లో ఇలాంటి వాక్యం ఒక్కటీ చూడలేదు.

ఎందుకు చేశానో అర్థం కాలేదన్నావు. చెబుతాను.

వాళ్లన్నను పాతిపెట్టిన మర్నాడు ఆయన నా దగ్గరికి వచ్చాడు. వాన. గొడుగు మడవకుండానే లోపలికి వచ్చాడు, పుస్తకాల మీద నీళ్లు కారాయి. నువ్విప్పుడు కూర్చుంటున్న ఆ కుర్చీలోనే కూర్చుని రేడియో సంగతి చెప్పాడు. 'హమ్మయ్య' అన్నాడని కూడా చెప్పాడు. నేను ప్రార్థన చేశాను. ఆ సాయంత్రమంతా ఆయనతో కూర్చున్నాను. ఏళ్లపాటు ఆ మాట నా పెదవి దాటలేదు. ఆయన ముందు బెంచీలో కూర్చుంటే, గుమ్మంలో లాజరును చదవాల్సిన వారాల్లో నేను వేరే వాక్యభాగం ఎంచుకున్నాను. ఆయన నొచ్చుకుంటాడని. అంత కాపాడాను.

అలాంటి మనిషి నాకు రాశాడు, నా ప్రసంగాలకు వాళ్ల జీవితంతో సంబంధం లేదని. వాళ్ల జీవితం ఎంత నీచంగా ఉందో తెలిసి, దానితో సంబంధం పెట్టకుండా ప్రసంగించడానికి నేనెంత కష్టపడ్డానో ఆయనకి ఏం తెలుసు. సంబంధం కావాలన్నాడు. ఇచ్చాను. ఇంతకంటే సంబంధమున్న ప్రసంగం ఆ వేదిక మీద ఎవరూ చెయ్యలేదు.

నాతాను చేసింది కూడా ఇదే. తప్పు చేసిన రాజు ముందు నిలబడి ఆ తప్పునే గొర్రెపిల్ల కథగా చెప్పాడు. మనిషి మార్చాడు, ఇల్లు మార్చాడు, పని మార్చాడు. ఆయన్ని ప్రవక్త అన్నారు. నన్ను మాత్రం అల్లుడు నిలదీస్తున్నాడు.

నువ్వేమో కుక్కర్ల గురించి చెప్పుకుంటున్నావట. వాక్యాన్ని ఉడకబెట్టి పెట్టడం అలవాటు చేస్తే సంఘానికి పళ్లు ఊడిపోతాయి. ఇది రాసి పెట్టుకో. నేను గ్రీకు మూలం దగ్గర పెట్టుకుని, నాలుగు వ్యాఖ్యానాలు ఎదురెదురుగా తెరిచి, శనివారమంతా కూర్చుని ప్రసంగం రాసేవాణ్ణి.

రెండు వాక్యాలు రాయను. అర వాక్యం కూడా రాయను. ఆవిడ లేస్తే లేవనీ. లేచినవాళ్లే ఆ మందిరంలో నిజమైన క్రైస్తవులు. ఇంతకీ ఎవరావిడ? గాయక బృందంలో పాడే మనిషా, పూలు సర్దే మనిషా? నువ్వు రాయకపోయినా కనిపెడతాను. ఆ బెంచీలన్నీ నాకు కంఠస్థం.

మామయ్య


మందిరం వెనక గది,
మొదటి ఆదివారం, సాయంత్రం

మామయ్యగారికి,

మీ ఉత్తరం చదివి అమ్మకి ఇవ్వలేదు. ఇవాళ ఇచ్చాను. ఎందుకో చెబుతాను. ముందు పొద్దున జరిగింది వినండి.

సాక్ష్యాల సమయం అని నేను చెప్పీ చెప్పకముందే ఆవిడ లేచింది. చీర కొంగు రెండు చేతులతో పట్టుకుంది. పక్కన భర్త ఏదో మంచి మాట చెబుతుందనుకుని పైకి చూసి చిరునవ్వు నవ్వాడు. ఆపడానికి ఒక్క సాకు తోచలేదు. "నేను ఒక విషయం" అంది ఆమె.

ముందు బెంచీ నుంచి కళ్లద్దాల పెద్దాయన లేచాడు.

"అమ్మా, నువ్వు కాస్త కూర్చో. ముందు నాది కానీ. వయసులో పెద్దవాణ్ణి, మోకాళ్లు నిలవవు."

ఆమె నిలబడే ఉంది. ఆయన ఆమె వైపు చూస్తూ మళ్లీ "కూర్చో తల్లీ" అన్నాడు. కూర్చుంది.

ఆయన సంఘం వైపు తిరిగాడు. "పోయిన నెల పాస్టరుగారు తాళాల షాపని చెప్పారు. కళ్లద్దాల షాపు అనాలి. మిగతాదంతా సరిగ్గానే చెప్పారు. రేడియో పెంచింది నేనే. మీరు ఇంకెవరినీ అనుకోకండి. ఇంకెవరి ఇంటి గురించీ వెతుక్కోకండి. ఈ కథ నా ఒక్కడిది." అంతే. కన్నీళ్లు లేవు, బోధ లేదు. ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని కాసేపు నిలబడి చూశాడు, ఎవరూ అడగకపోతే కూర్చున్నాడు.

నేను ఆవిడ వైపు చూశాను. ఆమె లేచింది. "నా తలనొప్పి తగ్గింది. దేవునికి వందనాలు" అని కూర్చుంది.

బయట ఆయన్ని పట్టుకున్నాను. మీకెలా తెలిసిందని అడిగాను. "నాకేమీ తెలియదు. ఆ అమ్మాయి కొంగు పట్టుకున్న తీరు చూశాను. మీ మామయ్యగారి గదికి వెళ్లిన రోజు నేను గొడుగు అలాగే పట్టుకున్నాను" అన్నాడు. కూతురు ఇంకా పైగదిలోనే ఉంది. నిన్న మాత్రం పళ్లెం లోపలికి తీసుకుందట. దాన్నే పెద్ద సంగతిగా చెప్పాడు.

ఇంటికొచ్చి, ఇంత మంచి మనిషిని మీరు ఎందుకు ద్వేషిస్తున్నారో అమ్మకి తెలియాలని మీ ఉత్తరాలు రెండూ ఆమె ముందు పెట్టాను. చదివింది. కళ్లజోడు తీసింది. "నీ మామయ్యకి ఇది ఎవరూ చెప్పకూడదని అందరం ఒట్టు పెట్టుకున్నాం రా. ఇక చెప్పక తప్పదు" అంది.

మామయ్యా, ఇది రాయాలా వద్దా అని భోజనం కూడా చెయ్యకుండా కూర్చున్నాను. రాస్తున్నాను.

మిమ్మల్ని వేదిక నుంచి దించింది ప్రసంగాలు నచ్చక కాదు. చివరి ఏడాది మీరు తప్పిపోయిన కుమారుడి ప్రసంగం చేశారు. మరుసటి ఆదివారం అదే ప్రసంగం చేశారు. ఆ తర్వాతి ఆదివారం కూడా. అవే మాటలు, అవే నవ్వులు, అదే చోట కళ్లు తుడుచుకోవడం. మూడోసారి పిల్లలు మీతోపాటు పెదవులు కదిపారట. పెద్దవాళ్లు వాళ్లని గిచ్చి ఆపారు. మీకు తెలియనివ్వలేదు. మీ మొదటి ఉత్తరంలో పళ్లు ఊడిపోతాయన్న మాటా, గ్రీకు మూలమూ, వ్యాఖ్యానాలూ రెండో ఉత్తరంలో అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. నేను గమనించనే లేదు. అమ్మ వేలు పెట్టి చూపించింది.

అది కూడా భరించేవారట. కానీ ఒక ఆదివారం ప్రార్థనలో మీరు కళ్లు మూసుకుని, పాలాయన కొడుకు జైలు సంగతి, ఆయన మీకు ఏడుస్తూ చెప్పుకున్నది, పేరుతో సహా దేవుడికి విన్నవించారు. అందరూ వింటుండగా. పాలాయన ఆ రోజు నుంచి వెనక బెంచీకి వెళ్లాడు. నిద్రపోతాడనుకున్నాను. కాదు. తల వంచుకుని కూర్చుంటాడు.

ఆ వారం పెద్దలు మన ఇంట్లోనే సమావేశమయ్యారు. ఉన్నదున్నట్టు మీకు రాయాలని అందరూ అన్నారు. వద్దన్నది కళ్లద్దాల పెద్దాయన ఒక్కడు. ఆయన అన్న మాట అమ్మకి ఇంకా గుర్తుంది. "ఆయన పుస్తకాల మనిషమ్మా. మతి పోతోందని రాస్తే ఆ రోజే పోతాడు. ప్రసంగాలు బాగాలేవని రాద్దాం. కోపం మీద బతుకుతాడు. సంతకం నేను పెడతాను, కోపమేదో నా మీద పెట్టుకోనివ్వండి."

మీ రహస్యాన్ని కూడా ఒకరు మార్చి చెప్పారు, మామయ్యా. మీకే చెప్పారు. మీరు పోల్చుకోలేదు.

మీ మేనల్లుడు


బైండింగు షాపు మీది గది,
ఏ వారమో కింద కనుక్కుని రాస్తాను

అల్లుడికి,

నీ ఉత్తరం చదివి అబద్ధమనుకున్నాను. మీ అమ్మ చిన్నప్పటి నుంచీ నా మీద చాడీలు చెబుతుంది. నా ఉత్తరాల నకళ్లు నా దగ్గర ఉంటాయి, ప్రసంగాల రోజుల అలవాటు. తీసి పక్కపక్కన పెట్టాను. పళ్లు ఊడిపోతాయి. పళ్లు ఊడిపోతాయి. నా దస్తూరీయే.

కిందికి వెళ్లాను. బైండరు అట్టకి బంక రాస్తున్నాడు, భార్య కాగితాలు మడుస్తోంది. మామూలుగా అడిగినట్టు అడిగాను.

"నేను చెప్పిన సంగతులు మళ్లీ మళ్లీ చెబుతుంటానా?"

బైండరు బంక రాయడం ఆపలేదు. "చెబితే ఏముంది సార్. బాగా చెబుతారు. మొదటిసారి విన్నట్టే వింటాం."

"ఎప్పటి నుంచి?"

"మీరు గదిలో దిగినప్పటి నుంచి సార్. ఆ గ్రీకు ముక్క మా పిల్లాడికి కూడా వచ్చేసింది. అమ్మని గ్రీకులో తిడుతున్నాడు."

భార్య నవ్వింది. ఆ నవ్వులో మర్యాద ఉంది, అల్లుడూ. అది చూడలేక పైకి వచ్చేయబోయాను. అప్పుడు ఆమె అంది: "ఆ కోడలు పిల్ల సంగతి మాత్రం ఇంకోసారి చెప్పకండి సార్. నాకు మనసు బాగుండడం లేదు."

"ఏ కోడలు?"

"అదే, బట్టలు ఆరేసి, క్లిప్పులు పెట్టి వెళ్లిందన్నారే. వాళ్లాయన వాళ్లమ్మ చెప్పులు తుడిచి గుమ్మంలో పెడతాడని కూడా చెప్పారు. మీ అల్లుడి సంఘంలో మనిషన్నారు. మొన్న పుస్తకాలు ఇవ్వడానికి వచ్చిన ఆయనకి కూడా చెప్పారుగా. ఆయనది అటువైపే అన్నాడు."

చెప్పినట్టు నాకు గుర్తు లేదు. కొంచెం కూడా లేదు. రేడియో గుర్తుంది, గొడుగు నీళ్లు ఏ పుస్తకం మీద పడ్డాయో గుర్తుంది. మొన్న నా నోట్లోంచి వచ్చింది గుర్తు లేదు. ఆ వచ్చినాయన ముఖం ఎంత తలుచుకున్నా రావడం లేదు. ఆయనెవరో, ఏ వీధిలో ఉంటాడో బైండరుని అడిగి కింద రాశాను. వెళ్లి చూడు. నా గురించి నిజం చెప్పు. ముసలాయనకి మతి లేదు, కల్పించి చెబుతాడు అని చెప్పు. నమ్ముతాడు. ఆవిడ కోసం ఆ మాట ఎంతమందికైనా చెప్పు. వేదిక మీద నుంచి చెప్పినా నాకు అభ్యంతరం లేదు. సంతకం కావాలంటే పెడతాను.

పాలాయనకి నేను చేసింది నాకు ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. నమ్మకపోవడానికి కూడా నాకు హక్కు లేదు, అక్కడ నేను లేనట్టే కదా.

కళ్లద్దాలాయనకి ఉత్తరం రాయాలని కూర్చున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి చించాను. ఏది రాసినా ప్రసంగంలా వస్తోంది. ఇంతకుముందే రాసి పోస్టులో వేశానేమో కూడా తెలియదు. నీ దగ్గరికి రెండు వస్తే రెండూ ఆయనకి ఇవ్వు. ఒకటి ఎలాగూ సరిపోదు.

నీ మొదటి ఉత్తరం చించి బైండరు బంక డబ్బాలో కలిపాను. ఇక నాకు ఎవరి సంగతీ రాయకు. వాతావరణం రాయి. మీ అమ్మ కోటు పంపితే వేసుకుంటాను.

ఆవిడ ఎవరో కనిపెడతానని నీకు రాశానట, నకలులో ఉంది. నేను కనిపెట్టలేదనే అనుకుంటున్నాను. కనిపెట్టి మరిచిపోయి ఉండకూడదని కోరుకుంటున్నాను. నిన్ను మళ్లీ అడుగుతాను, అల్లుడూ. మంచి కారణమే చెప్పి అడుగుతాను, కారణాలు కట్టడం నాకు ఇంకా వచ్చు. బతిమాలతాను. చనిపోయేవాడి కోరిక అంటాను. నువ్వు ఈ ఉత్తరం చూపిస్తే ఇది నేను రాయలేదంటాను, నిన్ను తిడతాను.

చెప్పకు.

మామయ్య